కాశీరాజు బావి

ఇంగ్లండ్‌లో చిల్టర్న్ కొండల మీద స్టోక్ రో అనే చిన్న పల్లె ఉంది. ఇటుక ఇళ్ళ మధ్య ఒక గుమ్మటం, దాని కింద బంగారు రంగు ఏనుగు, ఆ ఏనుగు కింద 368 అడుగుల బావి. తవ్వించింది మన కాశీ మహారాజు. నూట అరవై ఏళ్ళుగా ఆ బావిని కాపాడుకుంటున్న ఊరి కథ ఇది.

ఇంట్లో మిగిలిన చివరి గుక్కెడు నీళ్ళు తాగేశాడని ఒక తల్లి తన చిన్న కొడుకును కొట్టింది. ఇది జరిగింది వానలకు పేరుపడ్డ ఇంగ్లండ్‌లో, పందొమ్మిదో శతాబ్దంలో. చిల్టర్న్ కొండల మీది పల్లెల్లో ఒక కరువు కాలంలో తన ఎరుకలోకి వచ్చిన ఈ సంగతిని ఎడ్వర్డ్ ఆండర్టన్ రీడ్ అనే ఈస్టిండియా కంపెనీ దొర మరిచిపోలేకపోయాడు. ఆయన సొంతూరు ఇప్స్‌డెన్ ఆ కొండల అంచునే ఉంది. మూడు దశాబ్దాలకు పైగా ఉత్తర భారతంలో ఉద్యోగం చేసిన రీడ్, కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్‌తో మాట్లాడుతూ ఒకసారి ఆ పిల్లవాడి మాట చెప్పాడు.

రాజు విని ఊరుకోలేదు. రీడ్ 1860లో ఉద్యోగం చాలించుకుని ఇంటికి వెళ్ళిపోయాక, మీ కొండల మీది జనానికి నేనొక బావి తవ్విస్తానని కబురు పెట్టాడు. ఏ ఊళ్ళో తవ్వాలో, ఎలా తవ్వాలో రీడ్‌కే వదిలేశాడు. రీడ్ ఎంచుకున్న ఊరు స్టోక్ రో.

వాన ఉన్నా నీళ్ళు లేని ఊరు

ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో, హెన్లీ పట్టణానికి పడమరగా అయిదారు మైళ్ళ దూరంలో ఉంటుంది స్టోక్ రో. దక్షిణాన రెడింగ్ నగరం. అటు పడమరన, ఇటు దక్షిణాన థేమ్స్ నది వంపు తిరుగుతూ పోతుంది. అంత పెద్ద నది అంత దగ్గర్లో ఉన్న ఊరికి తాగునీళ్ళు లేకపోవడమేమిటి అనిపిస్తుంది. కారణం నేలలో ఉంది. చిల్టర్న్ కొండలంటే సుద్ద కొండలు. బడిలో నల్లబల్ల మీద రాసే సుద్దముక్కను నీళ్ళలో వేసి చూడండి, ఎంత ఆబగా పీల్చుకుంటుందో. వందల అడుగుల మందాన పరుచుకున్న సుద్ద మీద వాన పడితే ఒక్క చుక్క పైన నిలవదు. వాగు పారదు, ఊట రాదు. నీరంతా లోతుకు దిగిపోయి, కొండ అడుగున ఎక్కడో చేరుతుంది. కింద లోయలోని పల్లెలకు ఊటలుంటాయి. పైనున్న స్టోక్ రోకు ఏమీ ఉండదు.

సుద్ద పైన అక్కడక్కడ చెకుముకి రాళ్ళు కలిసిన బంకమట్టి పొర ఒకటి ఉంటుంది. ఊరివాళ్ళకు అదే దిక్కు. ఇటుకల కోసం ఆ మట్టి తవ్వగా మిగిలిన గుంటల్లో వాన నీరు నిలిచేది. ఆ బురద నీళ్ళే వంటకు, ఆ నీళ్ళే పశువులకు. ఎండాకాలం గుంటలు అడుగంటితే కిందికి దిగి, మైళ్ళ కొద్దీ నడిచి మోసుకు రావాలి. బట్టలుతకడం మళ్ళీ వాన పడేదాకా వాయిదా పడేది. ఒక ఇంట్లో వంటకు వాడిన నీటిని పక్కింటికి ఇచ్చుకున్న రోజులూ ఉన్నాయని ఆ ప్రాంతం జ్ఞాపకం. బిందె నీళ్ళ కోసం పొలాల గట్ల మీద నడిచిన తల్లులున్న ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

అసలు అక్కడ ఊరు ఎలా వెలిసింది? దానికీ ఒక లెక్క ఉంది. థేమ్స్ ఒడ్డునున్న పాత గ్రామాలు తమ పొలిమేరలను నది నుంచి కొండ మీదిదాకా సన్నటి పట్టీల్లా పొడవుగా గీసుకున్నాయి. అలా గీస్తే ప్రతి ఊరికీ నది పక్క పచ్చిక, నడుమ దున్నే భూమి, పైన అడవి మూడూ దక్కుతాయి. అడవిలో కట్టెకూ మేతకూ పైకి వచ్చినవాళ్ళు అక్కడే గుడిసెలు వేసుకున్నారు. స్టోక్ అంటే పాత ఇంగ్లీషులో శివారు పల్లె, రో అంటే ఇళ్ళ వరస. పేరులోనే చరిత్ర ఉంది. ఇప్స్‌డెన్, న్యూన్‌హామ్ మరెన్, మాంగ్‌వెల్ అనే మూడు ఊళ్ళ పట్టీల కొసలు కలిసేచోట పుట్టిన శివారు ఇది. మూడూళ్ళకూ చెందినది కాబట్టి ఏ ఊరికీ పట్టనిదయింది. చర్చికి వెళ్ళాలన్నా కొండ దిగి మైళ్ళు నడవాల్సిందే. 1815లో స్వతంత్ర క్రైస్తవ సమాజం వాళ్ళు చిన్న ప్రార్థన మందిరం కట్టుకున్నారు. 1846లో గానీ ఊరికి సెయింట్ జాన్ పేరిట సొంత చర్చి రాలేదు. ఆ చర్చి గోడలు చెకుముకి రాళ్ళవి. ఊళ్ళో దండిగా దొరికే రాయి అదొక్కటే.

బతుకుతెరువు బీచ్ చెట్ల అడవి. ఆ కొండల మీద బీచ్ చెట్లు నిటారుగా, దట్టంగా పెరుగుతాయి. బాడ్జర్లు అని పిలిచే పనివాళ్ళు అడవిలోనే పాక వేసుకుని, వంగే కొమ్మకు తాడు కట్టి కాలితో తొక్కుతూ తిప్పే తరిమెన మీద కుర్చీ కాళ్ళు నునుపు చేసేవారు. ఏటికొప్పాకలో లక్కబొమ్మల తరిమెన తిరగడం చూసినవాళ్ళకు ఆ పని కళ్ళకు కడుతుంది. ఇక్కడ తయారైన కాళ్ళు కట్టలు కట్టలుగా హై వికమ్ పట్టణానికి పోయి, అక్కడ విండ్సర్ కుర్చీలయ్యేవి. కుర్చీ కాళ్ళు, డేరా మేకులు, ఇటుకలు, చెర్రీ పళ్ళు. అంతకుమించి ఆ ఊరికి రాబడి లేదు.

నేలలోకి రెండు చార్మినార్లు

1863 మార్చి 10న గునపం దిగింది. అది వేల్స్ యువరాజు పెళ్ళి రోజు. మరుసటి ఏడాది మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున బావిని ఊరికి అప్పగించారు. నడుమ గడిచిన పద్నాలుగు నెలల్లో ఆ ఊళ్ళో జరిగిన పనిని మనసులో గీసుకోవాలంటే ముందు కొలతలు తెలియాలి. బావి వెడల్పు నాలుగడుగులు. లోతు 368 అడుగులు. రెండు చార్మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, ఆ ఎత్తును భూమిలోకి దించితే దాదాపు ఆ లోతు వస్తుంది. లండన్ సెయింట్ పాల్ చర్చి శిలువ కొస వరకూ ఎత్తు 365 అడుగులు. నేల మీద ఆకాశం వైపు ఎంతో, ఇక్కడ పాతాళం వైపు అంత.

యంత్రం లేదు. మొత్తం చేత్తోనే తవ్వారు. నాలుగడుగుల గోతిలో ఇద్దరు నిలబడితే గునపం ఎత్తే చోటుండదు. పైకి చూస్తే ఆకాశం ముందు పళ్ళెమంత, తర్వాత గిన్నెమూతంత, ఆఖరికి చుక్కంత. తవ్విన ప్రతి గంప మట్టినీ అంత ఎత్తుకు చేది పోయాలి. గాలి ఆడదు. పైనుంచి ఒక్క రాయి జారినా కిందివాడి ప్రాణం పోతుంది. రాయలసీమలో, తెలంగాణలో బావులు తవ్వి బతికిన వడ్డెర కుటుంబాలకు ఈ పని ఎంతటిదో తెలుసు. నలభై, యాభై అడుగులు దిగితేనే ఊరంతా వచ్చి అంచున నిలబడి చూసేవారు. ఇది అంతకు ఏడు నుంచి తొమ్మిది రెట్లు.

ఖర్చు లెక్క పైసాతో సహా మిగిలి ఉంది, వాళ్ళ నాణేల్లో. బావికి 353 పౌండ్ల 13 షిల్లింగుల 7 పెన్నీలు. పక్కనే బావి కాపరి ఉండటానికి కట్టిన ఎనిమిది పలకల చిన్న ఇంటికి 74 పౌండ్ల 14 షిల్లింగుల 6 పెన్నీలు. చేదే యంత్రాన్ని, పైన ఇనుప కప్పునూ వాలింగ్‌ఫర్డ్ పట్టణంలోని వైల్డర్ల కార్ఖానాలో పోత పోశారు. ఉల్లిపాయ ఆకారంలో గుమ్మటం, కింద ఇనుప స్తంభాలు, చక్రాల మీద బంగారు రంగు ఏనుగు. చుట్టూ చూస్తే ఎర్ర ఇటుక ఇళ్ళు, పూలపొదల కంచెలు, తడి గడ్డి. మధ్యలో ఈ కాశీ మంటపం. చూడగానే ఎవరో పొరపాటున మరో దేశం బొమ్మను ఇక్కడ అతికించారా అనిపిస్తుంది గానీ, కాసేపు నిలబడితే ఆ రెంటికీ పొత్తు కుదురుతుంది.

ఒక బకెట్టు పైకి రావడానికి దాదాపు పది నిమిషాలు చక్రం తిప్పాలి. పది నిమిషాల చాకిరీకి ఒక బకెట్టు. అయినా అవి తేటనీళ్ళు. వందల అడుగుల సుద్ద వడకట్టి ఇచ్చిన నీళ్ళు. వచ్చినవాళ్ళెవరికైనా ఉచితం, ఎప్పటికీ ఉచితం అన్నది దాత షరతు. డెబ్బై ఏళ్ళకు పైగా ఆ ఊరు ఆ నీళ్ళే తాగింది.

రాజు ఎందుకిచ్చాడు?

ఈ కథను చాలామంది ఇంగ్లీషువారు తీయటి కథగా చెప్పుకుంటారు. మనం కొంచెం ఆగి చూడాలి. ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్ 1835 నుంచి 1889 దాకా కాశీరాజు. 1857లో ఉత్తరాది అంతా భగ్గుమన్నప్పుడు ఆయన కంపెనీ పక్షాన నిలిచాడు. ఆ గడ్డు రోజుల్లోనే, ఆగ్రాలో లెఫ్టినెంట్ గవర్నర్ కాల్విన్ మరణించాక కొంతకాలం అధికారం చేతబట్టినవాడు రీడ్. అంటే ఈ స్నేహానికి రాజకీయం తెలుసు. ఒకరికి ఒకరి అవసరం తెలుసు. బావి తవ్వకం మొదలైన రోజునూ, అప్పగించిన రోజునూ రాజకుటుంబం పండగలతో ముడిపెట్టడం కాకతాళీయం కాదు. బావి తవ్వడానికి రెండు మూడేళ్ళ ముందే, 1860, 61లో ఢిల్లీ, ఆగ్రా ప్రాంతాల్లో వచ్చిన కరువులో లక్షల మంది మన జనం చచ్చిపోయారు. వాళ్ళకు ఎవరు బావి తవ్వారన్న ప్రశ్న అడగకుండా ఈ గుమ్మటం అందాన్ని పొగడలేం.

ఆ ప్రశ్న అడిగిన తర్వాత కూడా నాకు ఈ దానం చిన్నదనిపించదు. రాజు మెప్పు కోసమే ఇచ్చి ఉంటే లండన్ నడిబొడ్డున, పదిమంది చూసేచోట ఇచ్చేవాడు. పేరు కూడా ఎవరికీ తెలియని కొండమీది శివారుకు, కుర్చీ కాళ్ళు చెక్కుకునే బీదజనానికి ఇచ్చాడు. రీడ్ కూడా 1831లోనే ఆజంగఢ్‌లో బావి తవ్వించి అక్కడి ప్రజలకు వదిలి వచ్చినవాడు. ఒక బావి అటు, ఒక బావి ఇటు. చెరువు తవ్వించడం, తోట వేయించడం సప్త సంతానాల్లోవని నమ్మే దేశంలో పుట్టిన రాజుకు, దప్పికగొన్న పిల్లవాడి కథ వింటే తోచే జవాబు బావే. అది ఆయనకు రాజకీయం కాదు, సహజం.

చెర్రీతోట మాన్యం

ఇక్కడే నన్ను ఈ ఊరికి కట్టిపడేసిన సంగతి ఉంది. బావి తవ్వించి, రిబ్బను కత్తిరించి, శిలాఫలకం వేసి వెళ్ళిపోలేదు వాళ్ళు. బావి పక్కన భూమి కొని చెర్రీతోట వేశారు. దానికి రాజు పేరు మీదుగా ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు. తోటలో చేప ఆకారంలో ఒక కొలను తవ్వారు, చేప కాశీ సంస్థానం చిహ్నం. చెర్రీ పళ్ళు అమ్మగా వచ్చిన డబ్బుతో బావి మరమ్మతులు జరగాలి. కాపరి ఆ ఎనిమిది పలకల ఇంట్లో ఉంటూ బావినీ తోటనూ చూసుకోవాలి. నీళ్ళకు పైసా తీసుకోకూడదు, అదే సమయంలో బావి పాడుపడకూడదు. ఈ రెండు కోరికలూ కలవవు. వాటిని ఆ తోట కలిపింది.

ఇది మనకు కొత్తదా? రాయలసీమలో దశబంధం ఇనాం అని ఉండేది. చెరువో బావో తవ్వించినవారికి, దాన్ని బాగుచేస్తూ ఉండాలన్న కట్టుబాటు మీద భూమినో, ఆదాయంలో పదో వంతునో మాన్యంగా వదిలేవారు. నీళ్ళు ఎవరి మడికి ఎప్పుడు పారాలో చూసే నీరుగంటికి వేరే మాన్యం. తెలంగాణలో ఆయనే నీరటికాడు. కట్టడం కంటే నిలబెట్టుకోవడం కష్టమని తెలిసిన వ్యవస్థలవి. స్టోక్ రో చెర్రీతోటను రూపొందించింది రీడ్. ఉత్తరాదిలో ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ కాగితాలు తిరగేసిన మనిషికి ఇలాంటి మాన్యాలు తెలియకుండా ఉండవు. ఇంగ్లండ్‌లో చర్చిలకూ బళ్ళకూ ఇలా ఆస్తి రాసే ఆచారమూ ఉంది. రెండు సంప్రదాయాలు ఆ తోటలో కలిశాయని నా నమ్మకం.

మన చెరువులకు ఏమైందో మనకు తెలుసు. మాన్యాలు పోయాయి, నీరుగంటి పోయాడు, బాధ్యత ఒక శాఖకు వెళ్ళింది. తూము విరిగితే ఎవరిని అడగాలో ఊరికి తెలియదు. తవ్వడానికి నిధులొస్తాయి, తట్టెడు పూడిక తీయడానికి రావు. చెర్రీతోట కథ అందుకే నాకు విదేశీ కథలా అనిపించదు.

కాశీకీ ఆ ఊరికీ సంబంధం బావితో ఆగలేదు. 1882లో విక్టోరియా రాణి మీద జరిగిన కాల్పుల నుంచి ఆమె బయటపడితే, ఆ సంతోషానికి స్టోక్ రో ఊరంతటికీ విందు ఖర్చు కాశీ నుంచి వచ్చింది. పక్కనున్న ఇప్స్‌డెన్‌కు కాశీ ప్రాంతానికే చెందిన రాజా దేవ్ నారాయణ్ సింగ్ మరో బావి ఇచ్చాడు. కాలం మారింది, గొట్టపు నీళ్ళు వచ్చాయి, చక్రం తిప్పేవాళ్ళు తగ్గిపోయారు. అప్పటికి తరాలూ మారాయి, రాజ్యాలూ పోయాయి. అయినా 1961లో ఎలిజబెత్ రాణి కాశీ వచ్చినప్పుడు అప్పటి మహారాజు పక్షాన ఆమెకు అందిన కానుక దంతంతో చేసిన ఆ బావి నమూనా. 1964 ఏప్రిల్లో నూరేళ్ళ పండగకు రాణి భర్త ఫిలిప్ వచ్చాడు. కాశీ నుంచి తెచ్చిన గంగాజలాన్ని ఆ బావి నీళ్ళలో కలిపారు.

ఆ ఊరి సదుపాయాలు

ఇప్పుడు ఆ ఊళ్ళో ఉన్నది సుమారు ఆరున్నర వందల మంది. మన లెక్కలో అది ఊరు కాదు, ఒక వాడ. అయినా అక్కడ చర్చి ఉంది, ప్రార్థన మందిరం ఉంది, చర్చి నడిపే ప్రాథమిక పాఠశాల ఉంది, ఊరి హాలు ఉంది, పిల్లలు ఆడుకునే మైదానం ఉంది. ఇంత చిన్న ఊరికి ఇన్ని ఎలా నిలిచాయి?

ఇంగ్లండ్ పల్లెల్లో సదుపాయమంటే సర్కారు పెట్టేది మాత్రమే కాదు. 1894 చట్టంతో వచ్చిన పారిష్ కౌన్సిల్ అక్కడి అతిచిన్న పాలనా మెట్టు, మన గ్రామ పంచాయతీ లాంటిది. సభ్యులకు సాధారణంగా జీతాలుండవు. ఇంటి పన్నులో చిన్న భాగాన్ని ఊరి ఖర్చుకని అడిగి తీసుకుంటుంది. బెంచీలు, ఆటస్థలం, నోటీసు బోర్డు, శ్మశానం, కాలిబాటలు చూసుకుంటుంది. చిన్న పద్దులే, కానీ ఆ పద్దు ఎవరి చేతిలో ఉందో ఊళ్ళో అందరికీ తెలుసు.

కాలిబాటల మాట కొంచెం చెప్పాలి. ఇంగ్లండ్‌లో పొలాల నడుమ, తోటల నడుమ, ఒకరి సొంత భూమి మీదుగా పోయే నడకదారులు వందల ఏళ్ళవి ఉన్నాయి. భూమి ఎవరిదైనా ఆ దారిన నడిచే హక్కు అందరిదీ. చట్టం దాన్ని పటంలో గీసి కాపాడుతుంది. స్టోక్ రో చుట్టూ బీచ్ అడవుల్లో అలాంటి దారులు ఎన్నో. చిల్టర్న్ కొండలను 1965లో ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించారు కాబట్టి ఇష్టం వచ్చినట్టు కట్టడాలు లేవవు. తల పైకెత్తితే ఎర్రగద్దలు గుండ్రంగా తిరుగుతుంటాయి. ఇంగ్లండ్‌లో అవి పూర్తిగా అంతరించిపోతే, 1989 నుంచి స్పెయిన్ గద్దలను తెచ్చి ఈ కొండల్లో వదిలారు. ఇప్పుడవి ఆ ఆకాశానికి మామూలు సంగతి. మన ఊళ్ళలో రాబందులను ఎప్పుడు చూశామో గుర్తుకు తెచ్చుకుంటే ఈ ఒక్క పని విలువ తెలుస్తుంది.

పల్లెకు ప్రాణం పబ్బు. మనకు తాగుడు కొట్టంటే ఒక రకమైన బొమ్మ కళ్ళలో కదులుతుంది. అక్కడ అది వేరు. ముసలివాళ్ళు పేపరు చదువుకునే చోటు, కుటుంబాలు ఆదివారం భోజనానికి వెళ్ళే చోటు, ఊరి కబుర్లు చేతులు మారే చోటు. మన రచ్చబండకు కప్పు వేసి, లోపల నెగడు వెలిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. స్టోక్ రోలో క్రూకెడ్ బిలెట్ అనే పాత పబ్బుంది. చెట్ల మధ్య ఇరుకు దారిలో దాగి ఉంటుంది. దారిదోపిడీలకు పేరుమోసిన డిక్ టర్పిన్ అక్కడ తలదాచుకున్నాడని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. అది కథే అనుకుందాం. కథ కానిది ఇంకొకటుంది. టైటానిక్ సినిమాతో లోకమంతా తెలిసిన కేట్ విన్‌స్లెట్ 1998లో తన మొదటి పెళ్ళి విందు ఈ పబ్బులోనే చేసుకుంది. ఆమె పుట్టిందీ పెరిగిందీ పక్కనున్న రెడింగ్‌లో. అంత పేరు వచ్చాక కూడా విందుకు ఈ కొండమీది ఊరే గుర్తొచ్చింది.

ఈ పల్లెలన్నీ సుఖంగా ఉన్నాయని చెబితే అబద్ధం. లండన్ సొమ్ము ఎగబాకి ఇళ్ళ ధరలు పెరిగాయి. అక్కడే పుట్టిన కూలి కొడుకు అక్కడ ఇల్లు కొనలేడు. బస్సులు తగ్గాయి, కారు లేని ముసలివారికి డాక్టరు దూరమయ్యాడు. ఇంగ్లండ్ అంతటా పల్లెటూరి పోస్టాఫీసులు వేలల్లో మూతపడ్డాయి, కిరాణా కొట్లు వాటి వెంటే పోయాయి. కానీ అలా పోతుంటే ఊళ్ళు చేసిన పని చూడండి. కొట్టు మూసేస్తానని యజమాని అనగానే ఊరివాళ్ళు తలా కొంత వాటా వేసుకుని దాన్ని కొన్నారు. వంతులవారీగా గల్లా మీద కూర్చున్నారు. రిటైరైన టీచరు సోమవారం, నర్సు మంగళవారం. సహకార ఉద్యమానికి పేరుబడ్డ హోరేస్ ప్లంకెట్ పేరిట ఉన్న సంస్థ వీళ్ళకు దారి చూపిస్తుంది. ఇలా ఊరే యజమానిగా నడిచే కొట్లు బ్రిటన్‌లో మూడు వందలకు పైగా ఉన్నాయి. 2011లో వచ్చిన చట్టం ప్రకారం పబ్బునో కొట్టునో ఊరికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు యజమాని దాన్ని అమ్మదలిస్తే, ఊరివాళ్ళు కొంటామంటే డబ్బు కూడగట్టుకోవడానికి ఆరు నెలల గడువిచ్చి ఆగాలి. ఎవరూ వాడని ఎర్ర టెలిఫోన్ పెట్టెలను ఒక్క పౌండుకు ఊళ్ళకు ఇచ్చేశారు. వాటిలో కొన్ని పుస్తకాల అరలయ్యాయి, కొన్నిట్లో గుండె ఆగినవారికి షాకిచ్చే పరికరం పెట్టారు.

చెర్రీతోట వెనకున్న ఆలోచనా ఇదీ ఒకటే. ఉన్నదాన్ని ఎవరో వచ్చి నిలబెడతారని చూడకుండా, ఫలానా పని ఫలానావారిదని ఊరే పంచుకోవడం. స్టోక్ రో బావి కూడా ఇప్పుడు ఒక ధర్మకర్తల సంఘం చేతిలో ఉంది. గుమ్మటానికి తుప్పు పట్టనివ్వరు, ఏనుగుకు రంగు మాయనివ్వరు. బావిలో ఎవరూ చేదరు, నోటికి మూత వేశారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, చూడవచ్చు. టిక్కెట్టు లేదు. ఉచితం అన్న షరతు ఇంకా నడుస్తోంది.

విజయనగరం రాయి

బావి పూర్తయిన మూడేళ్ళకు, 1867లో, లండన్ హైడ్ పార్కులో మరో భారతీయ రాజు పేరిట ఒక తాగునీటి కట్టడం లేచింది. ఆయన మనవాడు, విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు. నగరంలో బీదలకూ పశువులకూ ఉచితంగా నీళ్ళు పెట్టే సంఘం ద్వారా, మార్బుల్ ఆర్చి వైపు, చెక్కుడు రాళ్ళతో కట్టించిన అందమైన ఫౌంటెన్ అది. గజపతుల కుటుంబానికి కాశీతో గట్టి అనుబంధం ఉంది. ఆయన తండ్రి నారాయణ గజపతి జీవితం చివరి భాగం కాశీలోనే గడిపి, 1845లో అక్కడే కన్నుమూశాడు. రాజుల మధ్య మాట మంచి ఎంత నడిచిందో ఊహించుకోవచ్చు గానీ, ఒకే పుణ్యక్షేత్రంతో ముడిపడ్డ ఇద్దరు రాజులు మూడేళ్ళ తేడాతో ఒకే దేశానికి నీళ్ళిచ్చారన్నది మాత్రం నిజం.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి కట్టి పదిహేనేళ్ళు. ఆర్థర్ కాటన్ దొర మనకు తెచ్చిన నీళ్ళను మనం ఇంటింటా తలుచుకుంటాం. ఆ కాలంలోనే నీళ్ళు ఇటునుంచి అటు కూడా వెళ్ళాయన్నది మనలో చాలామందికి తెలియదు. కాశీ రాజు సంగతి సరే, విజయనగరం రాజు సంగతి కూడా తెలియదు.

హైడ్ పార్కు ఫౌంటెన్ ఇప్పుడు లేదు. 1964లో దాన్ని తీసేశారు. స్టోక్ రో ఊరు తన బావికి నూరేళ్ళ పండగ చేసుకుని, గంగాజలం కలుపుకున్న సంవత్సరమే అది. ఫౌంటెన్ ఉన్నచోట ఒక రాయి మిగిలింది, దాని మీద విజయనగరం మహారాజు పేరుంది. నగరం నడిబొడ్డున, లక్షల మంది నడిచేచోట నిలిపిన దానం పోయింది. ఆరు వందల పైచిలుకు మంది ఉన్న కొండమీది పల్లెకు, తోటతో సహా అప్పగించిన దానం నిలిచింది.

రెడింగ్‌లో, స్లౌలో, లండన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఒక మాట. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు రాజుగారి కోట, లండన్ చక్రం చూపిస్తారు కదా. ఒక ఆదివారం వాళ్ళను స్టోక్ రోకు తీసుకెళ్ళండి, రెడింగ్ నుంచి కారులో అరగంట. గుమ్మటం కింద నిలబెట్టి, ఇంట్లో చివరి నీళ్ళు తాగిన పిల్లవాడి కథ చెప్పండి. తిరుగు దారిలో లండన్ వెళ్తే హైడ్ పార్కులో ఆ రాయి దగ్గర ఓ అయిదు నిమిషాలు ఆగండి. దాని మీద ఉన్నది మన ఊరి పేరు.